మమ్మల్ని ఎరుపులో పెట్టమని తిరిగిన లైబ్రరీ మేడం

రాని పనులు వస్తాయని మా నోటితోనే చెప్పించుకుని, ఆ మాట పట్టుకుని మా ఊరి లైబ్రరీలోని నాలుగు కంప్యూటర్లు ఎత్తుకుపోయారు. వాటిని వెనక్కి తెప్పించాలని పదహారు నెలలు తిరిగిన మా లైబ్రరీ మేడం పోయిన నెల చనిపోయారు. షుగరు, దాని వెనకాల కిడ్నీలు. ఆస్పత్రి కాగితంలో ఈ రెండే ఉన్నాయి. మూడోది రాయడానికి ఆ కాగితంలో గడి లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

నేను రచయితను కాను. కర్ణాటకలో, ఆంధ్ర సరిహద్దు పక్కనున్న పావగడ సోలార్ పార్కులో కాంట్రాక్టు పని నాది. ప్యానెళ్ల మీద దుమ్ము కడగడం, వాటి కింద గడ్డి కోయడం. పది చదివాను, పి.యు.సి., అంటే ఇంటరు, మధ్యలో మానేశాను. మా ఇళ్లలో మాట్లాడేది తెలుగు, బడిలో చదివేది కన్నడం. తెలుగు అక్షరాలు నాకు ఏ బడీ నేర్పలేదు. లైబ్రరీలో పాత వారపత్రికలు ముందు పెట్టుకుని నేనే కూడబలుక్కున్నాను. కాబట్టి తప్పులుంటే నావి. కోపం కూడా నాదే. మేడంకు కోపం వచ్చేది కాదు, అదే నాకు ఇప్పటికీ మంట.

ఆ రోజు పొద్దున పదకొండు గంటలప్పుడు గడ్డి కోస్తున్నాను. ఆ వేళకు ప్యానెళ్ల నీడలో కూడా సెగ కొడుతుంది. జేబులో ఫోను అదేపనిగా అదురుతుంటే తీసి చూశాను. మా ఊరి గ్రూపులో మేడం ఫొటో. చుట్టూ ఎవరో పూలదండ బొమ్మ అతికించారు. దండ చూశాక కింద రాసింది చదవక్కరలేదు.

పక్క వరుసలో నరసింహ ఉన్నాడు. నాతోపాటు చదివినవాడు, నాతోపాటే పనిలో చేరినవాడు.

"ఏమప్పా, కొడవలి ఆపినావు?"

"మేడం పోయినారంట."

"ఏ మేడం?"

"మనకెంతమంది ఉండార్రా మేడంలు?"

వాడు కొడవలి కింద పెట్టి మట్టిలో కూర్చున్నాడు. సూపర్వైజరు దూరం నుంచి ఈల వేశాడు. వాడు లేవలేదు.

నేను గ్రూపు చూస్తూ ఉన్నాను. దండం పెట్టే చేతుల బొమ్మలు వరసగా వస్తున్నాయి. మా పెదనాయన ఒకాయన, నవ్వి నవ్వి కళ్లల్లో నీళ్లు వచ్చే బొమ్మ ఉంటుందే, దాన్ని ఐదుసార్లు పెట్టాడు. ఏడుపు బొమ్మ అనుకున్నాడు. ఎవరూ ఏమీ అనలేదు. ఎందుకంటే మా ఊళ్లో సగంమంది దాన్ని ఏడుపు బొమ్మ అనే నమ్ముతారు. ఆ తర్వాత ఇంకో నలుగురు అదే పెట్టారు. మా ఊరి పిల్లలకు, యువకులకు డిజిటల్ నైపుణ్యం నిండుగా ఉందని, కొన్ని దేశాల నగరాల కంటే మేమే మేలని రంగుల్లో అచ్చు వేసిన కాగితం ఒకటి నా దగ్గర ఉంది. ఆ కాగితం రాసినవాళ్లు ఆ రోజు మా గ్రూపులో ఉండాల్సింది.

మేడం కంప్యూటరు చదువుకున్న మనిషి కాదు. పంచాయితీ లైబ్రరీలో పేపర్లు, పుస్తకాలు చూసుకోవడం ఆమె పని. వై.ఎన్.హొసకోట నుంచి పొద్దున బస్సులో వచ్చేవారు, సాయంత్రం బస్సుకు పోయేవారు. చేతిలో గుడ్డ సంచి, అందులో ఒక టిఫిన్ డబ్బా, ఒక స్టీలు గ్లాసు, రెండు తువ్వాళ్లు. ఒక సంస్థ వాళ్లు లైబ్రరీకి నాలుగు కంప్యూటర్లు ఇచ్చిన దినం ఆమెకు మౌసు పట్టుకునేది కూడా తెలియదు. తొమ్మిదో తరగతి శిల్పను పిలిచి, "నువ్వు మీ మామ ఫోన్ షాపులో కూచుంటావు కదమ్మా, నాకు నేర్పీ" అన్నారు. శిల్ప సిగ్గుతో చచ్చిపోయింది. మేడం స్టూలు తెచ్చుకుని శిల్ప కంటే కింద కూర్చున్నారు.

ఇదంతా మా అందరి ముందరే జరిగింది. చాటుగా నేర్చుకోవచ్చు కదా, ఎందుకు అలా చేశారని చాలా కాలం తర్వాత అడిగాను.

"నాకు రాదని మీరంతా చూడాల కదప్పా. చూస్తేనే కదా మీకూ చెప్పేకి నోరు వచ్చేది" అన్నారు.

అప్పటి నుంచి లైబ్రరీలో అదొక పద్ధతి అయింది. గడప దాటి లోపలికి వచ్చినవాళ్లు ముందు చేతులు కడుక్కోవాలి. శనక్కాయలు ఒలిచిన చేతులతో కీబోర్డు ముట్టుకుంటే సందుల్లో పొట్టు పడుతుందని ఆమె భయం. చేతులు తుడుచుకుంటూ తనకు రాని పని ఒకటి చెప్పాలి. "ఫొటో చిన్నది చేసేకి రాదు మేడం." "కన్నడంలో టైపు కొట్టేకి రాదు మేడం." చెప్పకపోతే కుర్చీ ఇవ్వరు. అన్నీ వస్తాయని ఎవడైనా అంటే, "అట్లయితే నీకు ఈడ పనేముండాది, ఇంటికి పొయ్యి ఎద్దులకు నీళ్లు పెట్టు" అనేవారు. ఎద్దులు ఎక్కడివి? మా భూములన్నీ ప్యానెళ్ల కింద కౌలుకు పోయాయి, ఎద్దులు ఎప్పుడో అమ్ముడుపోయాయి. అది ఆమెకూ తెలుసు. అయినా అనేవారు, మేమూ నవ్వేవాళ్లం.

నాకూ, నరసింహకూ ఇంకో ఆశ ఉండేది. సోలార్ పార్కులో స్క్రీన్ రూము అని ఒకటుంది. చల్లగా ఉంటుంది. ఏ వరుసలో కరెంటు తగ్గింది, ఏ ప్యానెల్ చెడిపోయింది అని తెర మీద చూసి రాసే పని. భూమి మాది, గడ్డి కోసేది మేము, ఆ కుర్చీల్లో కూర్చునేది మాత్రం బయటివాళ్లు. ఎందుకని అడిగితే, "టెస్టు పెడతాం, పాసైతే మీకూ ఇస్తాం" అన్నారు. కంప్యూటరు టెస్టు. పని దిగాక రోజూ లైబ్రరీకి పోయేవాళ్లం. మా కోసం మేడం ఆఖరి బస్సు వరకు తలుపు తీసిపెట్టేవారు.

ఇప్పుడు మేము చేసిన తప్పు చెప్పాలి. అది చెప్పకుండా ఎవరినీ తిట్టే హక్కు నాకు లేదు.

మా బడిలో ఒక ఏర్పాటు ఉండేది. పై నుంచి సాహేబులు తనిఖీకి వచ్చి ప్రశ్న అడిగితే, పిల్లలంతా చెయ్యి ఎత్తాలి. జవాబు తెలిసినవాడు కుడిచెయ్యి, తెలియనివాడు ఎడమచెయ్యి. మేష్టరు కుడిచేతుల్లో ఒకరిని లేపుతాడు. వాడు టపటపా చెబుతాడు. సాహేబు సంతోషపడి పోతాడు, మేష్టరు బతికిపోతాడు. ఇందులో మోసం ఉందని మాకెప్పుడూ అనిపించలేదు. బయటివాడి ముందు మన మేష్టరు తల దించుకోకూడదు, అంతే. మా అమ్మ కాలంలోనూ ఇదే, మా చెల్లెలి కాలంలోనూ ఇదే.

కంప్యూటర్లు ఇచ్చిన సంస్థే ఆ సర్వే పెట్టింది. చాలా దేశాల్లో ఒకే ప్రశ్నలతో పదిహేను నుంచి ఇరవై నాలుగేళ్ల వాళ్ల నైపుణ్యం కొలుస్తారట. కొలిచాక తక్కువ ఉన్నచోట పెంచుతారట. ఈ రెండో ముక్క ఆ రోజు మాకు ఎవరూ చెప్పలేదు. బెంగళూరు నుంచి ఒకాయన, ఒకామె కారులో దిగారు. చేతిలో ట్యాబులు. మా జవాబుల్లో మేడం చెయ్యి ఉండకూడదని ఆమెను బయట పంచాయితీ కట్ట మీద కూర్చోమన్నారు. ఆమె సంచి ఒళ్లో పెట్టుకుని ఎండలో కూర్చున్నారు.

ఆమెను అలా బయటికి పంపగానే నాకు ఒకటే తోచింది. ఇది మా పరీక్ష కాదు, మేడంకు తనిఖీ. చిన్నపిల్లలను ఒక పక్కకు పిలిచి నేనే చెప్పాను.

"ఏది అడిగినా వస్తాదనే కొట్టండ్రా. లేదంటే మేడం పని పోతాది."

శిల్ప అనుమానపడింది. "అన్నా, నాకు అటాచ్మెంట్ అంటే ఏందో తెలీదు."

"నాకు మాత్రం తెలుసా? కొట్టు."

"ఆ బెంగళూరామె చేసి చూపియ్యమంటే?"

"అప్పుడు నేను కుడిచెయ్యి ఎత్తుతాలే."

చేసి చూపించమని ఎవరూ అడగలేదు. ట్యాబులో ప్రశ్న వస్తుంది. మీరు మెయిల్‌కు ఫైలు జతచేయగలరా? మీ సమాచారం ఎవరు చూడాలో మీరే నిర్ణయించుకోగలరా? లెక్కల పట్టికలో సూత్రం రాయగలరా? కింద రెండు బటన్లు, అవును, కాదు. ప్రశ్నలు పుస్తకాల కన్నడంలో ఉన్నాయి, మాలో సగంమందికి ప్రశ్నే అర్థం కాలేదు. అవును అని కొట్టేదానికి ప్రశ్న అర్థం కావాల్సిన పని లేదు కదా. నలభై మందికి పైగా పిల్లలం గంటన్నరలో అన్నింటికీ అవును కొట్టేశాం. ట్యాబులో ఎడమచెయ్యి లేదు. రోజూ పొద్దున మేడం ముందర నోరు తెరిచి రాదు అని చెప్పే పిల్లలు, ఆమెను కాపాడుకుందామని ఆ ఒక్కరోజు ఆ మాట మింగేశారు. మింగమన్నది నేను.

బెంగళూరు ఆమె పోతూ పోతూ, "మీ పిల్లలు చాలా చురుకు మేడం" అంది. మేడం మా మొహాలు చూశారు. మేము నేల చూశాం.

కొన్ని నెలలకు రంగుల కాగితం వచ్చింది. మ్యాపు మీద చుక్కలు. నైపుణ్యం తక్కువ ఉంటే ఎరుపు, మధ్యస్థం పసుపు, బాగుంటే పచ్చ. మా ఊరు పచ్చ. ఎక్కడో సముద్రాలవతల ఒక పెద్ద నగరం పసుపు, మేము పచ్చ. పంచాయితీలో స్వీట్లు పంచారు. మేడం స్వీటు చేతిలో పట్టుకుని నన్ను లోపలికి పిలిచారు.

"నువ్వు ఏమి కొట్టినావప్పా?"

"అవును కొట్టినా మేడం."

"అన్నింటికీనా?"

"అన్నింటికీ."

"లెక్కల పట్టికలో సూత్రం రాసేది వస్తాదా నీకు?"

"రాదు మేడం."

"మరి ఎందుకు కొట్టినావు?"

చెప్పాను. తిడతారనుకున్నాను. ఆమె కళ్లద్దాలు తీసి తువ్వాలుతో చాలాసేపు తుడిచారు. తుడిచిందే తుడిచారు.

"నా పని పోతే ఇంకొకరు వస్తారు కదప్పా. మీకు వచ్చేది పోతే ఎవరు తెచ్చిస్తారు?" అన్నారు. 

వారం తిరగకముందే సంస్థ నుంచి ఉత్తరం. పచ్చలో ఉన్న కేంద్రాలకు ఇక సాయం అవసరం లేదు, నేర్పేవాళ్లను పంపడం లేదు, కంప్యూటర్లను ఎరుపు కేంద్రాలకు తరలిస్తున్నాం. టెంపో వచ్చింది. నేనూ నరసింహా అడ్డం పడదామనుకున్నాం. మేడం మమ్మల్ని పక్కకు జరిపి, రెండు తువ్వాళ్లు తెచ్చి కీబోర్డులు చుట్టి తానే డ్రైవరుకు అందించారు.

"వాళ్లకేమి దండం పెట్టి ఇస్తా ఉండారు మేడం?" అని నరసింహ అరిచాడు.

"ఆడ కూడా పిల్లోళ్లే కదా వాడుకునేది. దుమ్ము పట్టి పోతే వాళ్లు తిట్టుకోరా మనల్ని?"

ఆ మరుసటి దినం నుంచి ఆమె కొత్త పని మొదలుపెట్టారు. సంస్థ కొలిచింది తప్పు కాబట్టి తానే కొలుస్తారట. నాకు నవ్వు వచ్చింది. ఆమె ఒక పెద్ద నోటుబుక్కు తీసి గీతలు కొట్టారు. పది పనులు రాశారు. వస్తుందా అని అడగడం లేదు. చేయించడమే. ఆధార్ కాగితం ఫొటో తీసి చిన్నది చెయ్యి. దాన్ని మెయిల్‌కు అంటించి నాకు పంపు. హొసకోటకు బస్సు ఎన్ని గంటలకో వెతుకు. ఈ రెండు వార్తల్లో ఏది అబద్ధమో, ఎట్లా కనుక్కున్నావో చెప్పు. ఇలాంటివి. తెలుగులో చదివి చెప్పేవారు, అర్థం కాకపోతే ఇంకోసారి చెప్పేవారు. కంప్యూటరు లేదు కాబట్టి తన ఫోనే ఇచ్చేవారు. ఇచ్చి, రెండు చేతులూ వీపు వెనక్కి కట్టుకుని నిలబడేవారు. పిల్లలు తప్పు చోట నొక్కుతుంటే ఆమె చేతులు ముందుకు వచ్చేసేవి. వాటిని ఆపడానికి అలా కట్టుకునేవారు.

పదింటిలో నాలుగు చేసినవాడు మాలో గొప్పవాడు. ఆ గొప్పవాడిని నేనే. నా పేరు ముందు చేసినాడు అని నాలుగు గళ్లలో, చెయ్యలేదు అని ఆరు గళ్లలో ఎర్ర సిరాతో రాశారు. శిల్పకు మూడు. కొందరికి ఒకటి. ఒకమ్మాయి ఫోను చేతికి ఇవ్వగానే కింద పెట్టేసింది, ఎందుకంటే వాళ్లింట్లో ఆమెకు ఫోను ముట్టుకునే వీలు లేదు. ఆ అమ్మాయి కూడా సంస్థ ట్యాబులో అన్నింటికీ అవును.

నోటుబుక్కు నిండాక ఆమె తుమకూరులో ఉన్న ఆ సంస్థ ఆఫీసుకు బయలుదేరారు. నేను ఒకరోజు కూలి మానుకుని వెంట పోయాను. బుక్కును తువ్వాలులో చుట్టి ఒళ్లో పెట్టుకున్నారు. కండక్టరు హొసకోట వాడే, ఆమెను ఎరుగును.

"ఏం మేడమ్మా, బిడ్డను పెట్టుకున్నట్టు పెట్టుకున్నారే. టికెట్టు కొట్టాల్నా దానికి?"

"కొట్టప్పా, అరటికెట్టే కొట్టు. నలభైమంది పిల్లోళ్లుండారు దీంట్లో."

"నలభైమందా? ఓవర్ లోడ్ మేడమ్మా, దింపేస్తా."

బస్సంతా నవ్వింది. ఆమె కూడా నవ్వారు. ఆమె నవ్వగా నేను చూసింది దాదాపు అదే ఆఖరు, ఇంకొక్కసారి తప్ప.

ఆ ఆఫీసులో సాహేబు మంచివాడే. మర్యాదగా కూర్చోబెట్టాడు, టీ తెప్పించాడు. అందుకే ఇంకా మంట. అంతా విని కన్నడంలో అన్నాడు, "అందరూ ఎరుపులో పడ్డామని ఏడుస్తూ వస్తారమ్మా. పచ్చలో ఉన్నామని ఏడ్చేవాళ్లను మిమ్మల్నే చూస్తున్నాను."

"అది పచ్చ కాదు సార్. మా పిల్లలు నా మీద ప్రేమతో చెప్పిన అబద్ధం."

"కావచ్చు. కానీ ప్రశ్నలు అన్ని దేశాలకూ ఒకటేనమ్మా. మీ ఊరికొకటి, ఇంకో ఊరికొకటి మార్చుకుంటూ పోతే దేశాలను ఎట్లా పోల్చేది?"

"పోల్చద్దు సార్. దేశాలు మాకెందుకు? ఒక్కరోజు మా ఊరికి వచ్చి పిల్లల చేత పని చేయించి చూడండి. ఎంత వస్తే అంతే రాసుకోండి. మమ్మల్ని ఎరుపులో పెట్టండి."

ఆయన నోటుబుక్కు నాలుగు పేజీలు తిప్పాడు. తిప్పి వెనక్కి ఇచ్చాడు. "కాగితాలు ఇక్కడ తీసుకోమమ్మా. అన్నీ ఆన్‌లైనే. పేజీలు ఫొటో తీసి ఈ అడ్రసుకు మెయిల్ చెయ్యండి. చూస్తాం."

ఆమె ఎంత సంతోషపడ్డారో. చూస్తాం అన్నాడు కదా. తిరుగు బస్సులో కూర్చున్న వెంటనే ఒక్కొక్క పేజీ ఫొటో తీశారు. బస్సు కుదుపుకు అక్షరాలు చెదిరితే మళ్లీ తీశారు. ఇంటికి పోయి అన్నీ కలిపి పంపేశానని మర్నాడు చెప్పారు. జవాబు రాలేదు. నెల చూసి మళ్లీ పంపారు. మళ్లీ నెల. ఫోను చేస్తే, "మీ దగ్గర నుంచి ఏమీ అందలేదు" అనేవాళ్లు. ఈమె, "పంపించినా సార్" అనేవారు. వాళ్లు అబద్ధం చెబుతున్నారని నేను బూతులు తిట్టేవాణ్ణి.

ఈ మధ్యలోనే స్క్రీన్ రూము టెస్టు వచ్చింది. మా ఊరి నుంచి నలుగురం పోయాం. తెర మీద పట్టిక ఇచ్చి, వరుసవారీగా కూడి చూపించమన్నారు. ఆ సూత్రమే. పచ్చ ఊరి పిల్లగాళ్లం నలుగురమూ తెర వైపు చూస్తూ కూర్చున్నాం. టెస్టు పెట్టిన పిల్లవాడు నా వయసువాడే. "మీ ఏరియాలో ట్రైనింగ్ సెంటర్ ఉంది కదా బ్రో?" అన్నాడు. వాణ్ణి కొట్టాలనిపించింది. వాడి తప్పేముంది.

గేటు బయట మేడం ఉన్నారు. అప్పటికే వారానికి రెండుసార్లు రక్తం శుభ్రం చేయించుకుంటున్నారు. చేతికి కట్టు ఉంది. పాసయ్యారా అని అడగలేదు. "ఏమేమి అడిగినారు, మరిచిపోకముందే చెప్పండి" అని నోటుబుక్కు తీశారు. నరసింహ ఆమె మొహం చూడకుండా నడుచుకుంటూ వెళ్లిపోయాడు. నేను ఒక్కొక్కటీ చెప్పాను, ఆమె రాసుకున్నారు. ఎవరి కోసం రాసుకున్నారో నాకు తెలియదు. నేర్పడానికి కంప్యూటరు లేదు, నేర్చుకోవడానికి మాకు ఆశ లేదు.

ఆఖరుసారి ఆస్పత్రిలో చూశాను. మధ్యాహ్నం. వార్డులో అందరూ అన్నాలు తింటున్నారు, ఆమెకు మాత్రం గ్లాసులో కొలిచి నీళ్లు. నన్ను చూడగానే దిండు కింద నుంచి ఫోను తీశారు.

"మళ్లీ పంపించినా. పోయిందా లేదా ఒకసారి చూడప్పా, నాకు కళ్లు సరిగ్గా కనబడవు."

మెయిల్ తెరిచాను. పంపినవి అన్న చోట ఏమీ లేదు. ఇంకోచోట చూస్తే, పోవాల్సినవన్నీ అక్కడే ఒకదాని కింద ఒకటి పడి ఉన్నాయి. పదహారు నెలలవి. ఫొటోలు మరీ పెద్దవి కాబట్టి మెయిల్ మోయలేదు. ప్రతిదాని పక్కన చిన్న ఎర్ర గుర్తు. ఫొటో చిన్నది చేసి అంటించడం ఆమె రాసిన పది పనుల్లో మొదటి రెండు. మా చేత ఒక ఫొటోతో చేయించేవారు. అన్ని పేజీలూ ఒకేసారి పంపితే ఏమవుతుందో ఆమెకూ తెలియదు, మాకూ తెలియదు. వాళ్లు ఏమీ అందలేదన్నది నిజమే.

చెప్పాలా వద్దా అనుకున్నాను. చెప్పాను. ఆమెకు రాదన్నది చెప్పకుండా దాచితే ఇంకేం నేర్చుకున్నట్టు?

 ఆమె నవ్వారు. నేను చెప్పిన ఆ ఇంకొక్కసారి ఇదే.

"చూడప్పా. నన్ను కొలిచుంటే నేనూ ఎరుపే కదా."

పక్క మంచం మీదున్నామె, ఏమైంది, ఎందుకు నవ్వుతుందని అడిగింది. 

అక్కడే నేల మీద కూర్చుని ఫొటోలన్నీ చిన్నవి చేశాను. ఐదేసి పేజీలుగా విడగొట్టి పంపాను. సాయంత్రానికి జవాబు వచ్చింది. మనిషి రాసింది కాదు. మీ సందేశం అందింది, ధన్యవాదాలు, ఈ పథకం గడువు ముగిసింది. మొదటి ముక్కే చదివి వినిపించాను. "అందిందంట" అన్నాను. "అందిందా" అన్నారు. ఎనిమిది దినాల తర్వాత పోయారు.

ఆ రెండో ముక్క ఆమెకు చెప్పలేదు. ఇది నేను చెప్పిన రెండో అబద్ధం. మొదటిది ఎంత పని చేసిందో తెలిసి కూడా చెప్పాను.

లైబ్రరీకి ఇప్పుడు మనిషి లేరు. తాళం పంచాయితీలో ఉంది. వారానికి ఒకసారి బిల్ కలెక్టరు తెరిచి పేపర్లు లోపల పడేసి పోతాడు. శిల్ప పోయిన వారం నుంచి మాతో గడ్డి కోతకు వస్తోంది. మొదటి దినం వరుసల మధ్యలో నిలబడి, ఎన్ని ప్యానెళ్లున్నాయో చూసి, "అన్నా, ఈ కరెంటంతా యాడికి పోతాది?" అని అడిగింది. బెంగళూరుకని చెప్పాను. ఆ పిల్ల తలగుడ్డ బిగించుకుని వంగింది. నరసింహ ఇప్పుడు నాతో కంప్యూటరు మాటే ఎత్తడు.

మేడం గురించి ఇంకా చాలా రాయవచ్చు. గొప్పగా రాస్తే ఆమెకు నచ్చదు. చేసినాడు, చెయ్యలేదు, ఈ రెండు మాటలే ఆమెకు చాలు. అందుకని ఆ సంస్థ వాళ్లకు నేరుగా చెబుతున్నాను. చదివేవాళ్లు సాక్ష్యం ఉండండి.

నోటుబుక్కు నా దగ్గర ఉంది. మా ఊరికి రండి. అవును, కాదు బటన్లు వద్దు. మా పిల్లల చేతికి యంత్రం ఇచ్చి, మా భాషలో చెప్పి, పని చేయించి చూడండి. వచ్చింది వచ్చినట్టు, రానిది రానట్టు రాసుకోండి. మీ మ్యాపులో మా ఊరి పచ్చ చుక్క తీసేసి ఎర్ర చుక్క పెట్టండి. నాలుగు కంప్యూటర్లు, నేర్పే మనిషి ఒకరు మాకు కావాలి. వేరే ఎరుపు ఊరి దగ్గర లాక్కుని కాదు. పథకం ముగిసిందని చెప్పకండి. మీ పథకం ముగిసింది, మా వయసు ముగియలేదు. శిల్పకు పద్దెనిమిది.

మీరు వస్తారన్న నమ్మకం నాకు పెద్దగా లేదు. అయినా గడువు పెడుతున్నాను. ఇది అచ్చయిన దినం నుంచి ముప్పై దినాలు. ఆ లోపల మా ఊరి పంచాయితీ లైబ్రరీ పేరుకు జవాబు రావాలి. కాగితం మీద రాసి పోస్టులో పంపండి. మెయిల్ చేయకండి. దాన్ని తెరిచి, అందులో మీరు అంటించిన కాగితాన్ని దించుకోవడం మాలో చాలామందికి రాదు.